పాడైన మైటోకాండ్రియాను కణం ఎలా పట్టుకుంటుంది?

మైటోకాండ్రియా పాడైపోయిందని కణానికి ఎలా తెలుస్తుందని ఒక పాఠకుడు అడిగారు. కణానికి శక్తినిచ్చేవి అవేనని బడిలో చెప్పి వదిలేస్తారు. అసలు అద్భుతం ఆ పాఠం ఆగిన చోటే మొదలవుతుంది. దాన్ని విప్పి చూపినవారిలో ముఖ్యుడు అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ యూల్.

పింక్1 అనే ప్రోటీన్‌ను కణం ఎప్పుడూ తయారుచేస్తూనే ఉంటుంది. రోజూ గుమ్మానికి వచ్చే పాల ప్యాకెట్ అనుకోండి. ఇంట్లోవాళ్లు కులాసాగా ఉంటే లోపలికి తీసుకుని కత్తిరించేస్తారు. ప్యాకెట్లు గుమ్మం దగ్గరే పోగుపడితే పక్కింటివాళ్లకు అనుమానం వస్తుంది. మైటోకాండ్రియా లోపలి పొరకు అటూ ఇటూ సుమారు 150 మిల్లీవోల్టుల తేడా ఉన్నంతకాలం ఆ వోల్టేజే పింక్1ను లోపలికి లాగుతుంది. పార్ల్ అనే ఎంజైము దాన్ని కోస్తుంది, మిగిలిన ముక్క బయటికొచ్చి నాశనమైపోతుంది. వోల్టేజి పడిపోయిందా, లాగే బలం ఉండదు. పింక్1 బయటి పొర మీదే పేరుకుంటుంది. అంటే కణం వెతికేది పాడైన భాగాన్ని కాదు, జరగాల్సిన పని జరగకపోవడాన్ని!

పేరుకున్న పింక్1 అక్కడ గుర్తుగా అతికి ఉండే యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌కూ, పార్కిన్ అనే ఎంజైముకూ 65వ స్థానంలోని సెరీన్ మీద ఫాస్ఫేటు తగిలిస్తుంది. మేల్కొన్న పార్కిన్ మరిన్ని యుబిక్విటిన్లు అతికిస్తుంది. వాటికీ పింక్1 ఫాస్ఫేటు పెడుతుంది, అవి ఇంకా పార్కిన్‌ను రప్పిస్తాయి. పక్కింటాయన కేకకు వీధి వీధంతా వచ్చినట్టు. ఆ గుర్తుల్ని ఆప్టిన్యూరిన్, ఎన్‌డీపీ52 అనే ప్రోటీన్లు పట్టుకోగానే ఆ మైటోకాండ్రియా చుట్టూ ఒక పొర అల్లుకుంటుంది. ఆ సంచి కణం చెత్తను అరిగించే లైసోజోమ్‌లో కలిసి లోపలి సరుకంతా అరిగిపోతుంది.

యూల్ బృందం 2008లో ఇందులో పార్కిన్ పాత్రను చూపింది. హీలా కణాల్లో పార్కిన్ దాదాపు ఉండదు కాబట్టి మెరిసే పార్కిన్‌ను చేర్చి, వోల్టేజిని కూల్చే సీసీసీపీ అనే రసాయనం కలిపారు. గంటలోపే పార్కిన్ మైటోకాండ్రియా మీదికి చేరిపోయింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇవి క్యాన్సర్ కణాలు, గ్లూకోజు పుష్కలంగా ఉంటే మైటోకాండ్రియా లేకుండా కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. నాడీకణం అలా బతకలేదు. అందుకే అదే మోతాదు నాడీకణాలకు పెడితే ఫలితం ఇంత స్పష్టంగా రాదు.

పార్కిన్ జన్యువు 1998లో, పింక్1 జన్యువు 2004లో పార్కిన్సన్స్ వ్యాధితో ముడిపడి బయటపడ్డాయి. ఈ జన్యువుల్లో ఏదైనా ఒకదాని రెండు ప్రతులూ చెడితే వణుకు, బిగుసుకుపోవడం తరచు నలభై ఏళ్లలోపే మొదలవుతాయి. "మైటోకాండ్రియాకు బలం" అంటూ అమ్మే బిళ్లలతో దీన్ని ఆపవచ్చని నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. అలాంటి బిళ్లల్లో ఒకటైన కోఎంజైమ్ క్యూ10ను రోజుకు 1200, 2400 మిల్లీగ్రాముల చొప్పున 600 మంది పాల్గొన్న పరీక్షలో ఇచ్చి చూశారు, పార్కిన్సన్స్‌కు మేలేమీ కనబడలేదు. ఇప్పుడు ఒక ముఖ్య ప్రయత్నం పాడైన మైటోకాండ్రియా ఏరివేతను చురుకు చేయడం. యుబిక్విటిన్ గుర్తుల్ని చెరిపేసే యూఎస్‌పీ30 అనే ఎంజైమును అడ్డుకోవడం అందులో ఒక దారి.