సైన్ వేవ్ త్రికోణమైపోయింది

ఇంజనీరింగ్ ల్యాబ్‌లో 741 చిప్‌తో పది రెట్లు పెంచే యాంప్లిఫయర్ కట్టాం. ఔట్‌పుట్‌లో 10 వోల్టుల ఎత్తున్న సైన్ వేవ్ చక్కగా వస్తోంది. ఫ్రీక్వెన్సీ పెంచుతూ 20 కిలోహెర్ట్జ్‌కి వెళ్లేసరికి తెర మీద ఆ నున్నని వంపులు పోయి త్రికోణాలు మిగిలాయి. ఎత్తు కూడా ఆరు వోల్టులకు పడిపోయింది. చిప్ పోయిందని టెన్షన్ పడి ఇంకోటి పెట్టాం. అదీ అంతే.

741 ఒక ఆప్-ఆంప్, అంటే రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడాను ఎన్నో రెట్లు పెంచే చిప్. పాఠంలో ఆప్-ఆంప్‌కి గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ సంఖ్య) అనంతం, వేగం అనంతం. నిజం 741 గెయిన్ సుమారు 2 లక్షలు. అదీ చాలా పెద్దదే, కానీ 5 హెర్ట్జ్ దాటితే తగ్గడం మొదలవుతుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర వెయ్యి, 1 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకటి.

ఇది తయారీలో జరిగిన పొరపాటు కాదు, కావాలని చేసిందే. గెయిన్‌ని అదుపు చేయడానికి ఔట్‌పుట్‌లో కొంత ఇన్‌పుట్‌కి తిప్పి పంపుతాం, అదే ఫీడ్‌బ్యాక్. అలా వెనక్కొచ్చే సిగ్నల్ కాస్త ఆలస్యంగా వస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ ఆలస్యం ముదిరి, అదుపు చేయాల్సిన ఫీడ్‌బ్యాకే ఎగదోయడం మొదలుపెడుతుంది. అప్పటికింకా గెయిన్ మిగిలి ఉంటే ఇన్‌పుట్ ఏమీ ఇవ్వకపోయినా సర్క్యూట్ ఔట్‌పుట్ దానంతటదే పైకీ కిందికీ ఊగిపోతుంది. 1965లో బాబ్ విడ్లర్ రూపొందించిన 709 అనే ఆప్-ఆంప్‌కి దీన్ని ఆపే కెపాసిటర్లు బయట మనమే తగిలించాలి. 1968లో డేవ్ ఫుల్లగర్ 741 లోపలే 30 పికోఫారడ్ల కెపాసిటర్ పెట్టేశారు. ఎవరు ఎలా కలిపినా దాదాపుగా ఊగని ఆప్-ఆంప్ వచ్చింది. అంత చిన్న కెపాసిటర్ ఇంత పని చేయడం నాకు ఇప్పటికీ అపురూపమే.

మా త్రికోణాలకు కారణమూ అదే. ఆ కెపాసిటర్‌ని నింపడానికి లోపలి మొదటి దశ ఇవ్వగలిగేది 15, 20 మైక్రోఆంపియర్లే. భాగించి చూస్తే ఔట్‌పుట్ మైక్రోసెకనుకు అర వోల్టుకు కాస్త అటూ ఇటూగానే కదలగలదు. దీన్నే స్లూ రేట్ అంటారు. మా సైన్ వేవ్‌కి కావలసింది మైక్రోసెకనుకు 1.26 వోల్టులు. అందుకోలేక అది తిన్నగా ఎక్కి తిన్నగా దిగింది.

ఇన్‌పుట్ వైపు చిక్కు వేరు. రెండు ఇన్‌పుట్‌లనూ కలిపేసినా, లోపలి ట్రాన్సిస్టర్లు అచ్చంగా ఒకేలా ఉండవు కాబట్టి, మధ్యలో 1 మిల్లీవోల్టు తేడా ఉన్నట్టే 741 ప్రవర్తిస్తుంది. ఈ ఆఫ్‌సెట్ ఆడియోలో పెద్దగా పట్టింపు కాదు. కొలిమి వేడి కొలిచే కె-టైప్ థర్మోకపుల్ మాత్రం డిగ్రీకి ఇచ్చేది 41 మైక్రోవోల్టులే. అంటే దాదాపు 25 డిగ్రీల తప్పు! అక్కడ ఆఫ్‌సెట్ బాగా తక్కువున్న ఓపీ07 లాంటి ఆప్-ఆంప్ పెడితే తేడా మామూలుగా రెండు డిగ్రీల లోపే ఉంటుంది.