రంగురాళ్ల వెనుక కొలిమి

ఒకే తూకం, ఒకే కోత, కంటికి ఒకేలా కనిపించే నీలిరంగు. అలాంటి రెండు మేలురకం నీలాల ధరల్లో రెట్లకు రెట్లు తేడా ఉండొచ్చు. కారణం ల్యాబ్ రిపోర్టులో ఒక్క వాక్యం: వేడి చేసిన ఆనవాళ్లు ఉన్నాయా, లేవా. ఇవాళ రంగురాళ్ల బేరమంతా 'హీటెడ్', 'అన్‌హీటెడ్' అనే రెండు మాటల చుట్టూ తిరుగుతోంది. అలాగని రాయిని పుటం పెట్టడం కొత్త విద్యేమీ కాదు, దానంతట అది మోసమూ కాదు. మోసం ఎక్కడ చొరబడిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

సుమారు 4,500 ఏళ్ల కిందట సింధు నగరాల్లో పూసలు చేసేవాళ్లు మసక పసుపు, గోధుమ రంగు అకీకు రాళ్లను కాల్చి ఎర్రగా మార్చేవారు. వేడికి రాతిలోని ఇనుము తేమ వదిలి ఎరుపెక్కేది. పచ్చి ఇటుక ఆవంలో ఎర్రబడినట్టే. ఆ ఎర్రపూసలు మెసొపొటేమియాలోని ఊర్ రాజసమాధుల దాకా వెళ్లాయి. గుజరాత్‌లోని ఖంభాత్ పనివాళ్ల చేతుల్లో ఈ విద్య ఇంకా బతికే ఉంది.

కెంపులకు నిప్పు చూపి మలినఛాయ పోగొట్టే సంగతిని 11వ శతాబ్దంలోనే పండితుడు అల్ బిరూనీ రాశాడు. శ్రీలంకలో రాయిని బొగ్గుల నడుమ పెట్టి, ఊదుగొట్టంతో గాలి ఊదుతూ కాల్చే పద్ధతి తరతరాలుగా ఉంది. దాంతో కెంపులోని నీలిజీర పోతుంది. కెంపు, నీలం రెండూ ఒకే ఖనిజం. దాని పేరు కురువిందం, అంటే అల్యూమినియం ఆక్సైడ్. అందులో రవ్వంత క్రోమియం చేరితే కెంపు, ఇనుమూ టైటానియమూ జతగా చేరితే నీలం. గాలి బాగా అందే మంటలో ఇనుము ఆక్సిజన్ ప్రభావంతో మారిపోతుంది. ఆ జత చెదిరి నీలిఛాయ తగ్గుతుంది, ఎరుపు తేటపడుతుంది. ఇది గుర్తుంచుకోండి. 1970ల్లో జరిగింది సరిగ్గా దీనికి తిరగేసిన పని.

శ్రీలంక గనుల్లో గెవుడా అనే రాయి దొరుకుతుంది. నీళ్లలో పాలు కలిపినట్టు మసకగా ఉంటుంది. నగకు పనికిరాదని పక్కన పడేసేవారు. థాయ్ వ్యాపారులు దాన్ని కారుచౌకగా కొనుక్కెళ్లి, 1,500 డిగ్రీల సెల్సియస్ దాటిన కొలిముల్లో, గాలి కరువైన మంటలో కాల్చారు. కురువిందం కరిగేది 2,050 డిగ్రీల దగ్గర కాబట్టి రాయి తట్టుకుంది. మూసలోంచి తీసి చూస్తే కళ్లు చెదిరే నీలం. ఆ పాలమసక అంతా వెంట్రుకకన్నా సన్నని రూటైల్ సూదులు, అంటే టైటానియం ఆక్సైడ్. ఆ వేడికి సూదులు రాతిలోనే కరిగాయి, టైటానియం వెళ్లి ఇనుముతో జతకట్టింది. నీలానికి కావలసిన సరుకంతా దాన్ని చెడగొడుతున్న మసకలోనే దాగి ఉందన్నమాట! ఎన్నిసార్లు తలచుకున్నా నాకు అబ్బురమే. గెవుడాను వెలుతురుకు పట్టి చూసి, లోపల నూనె తేలినట్టు కనిపించే రాయిని అక్కడివాళ్లు 'డీజిల్' అంటారు. కాలిస్తే బాగా రంగు తిరిగేది అదేనని వాళ్ల లెక్క.

దీన్ని నేను కళ అనే అంటాను. అన్యాయం జరిగింది వేరేచోట. రాయి విలువ తెలియక గనివాళ్లు తెగనమ్ముకున్నారు. కొలిమి సంగతి తెలియక కొన్నవాళ్లు సహజరంగుకు ఇచ్చే ధర ఇచ్చారు. మధ్యలో ఉన్నవాళ్లు నోరు మెదపలేదు.

ఆ తర్వాత కొలిమి రాతిలోని సరుకుతో ఆగలేదు, బయటి సరుకును లోపలికి పంపడం మొదలుపెట్టింది. 1990ల మొదట్లో మయన్మార్‌లోని మోంగ్‌షూ కెంపులు వచ్చాయి. వాటి నడుమ ముదురు నీలి గుండె, నిండా పగుళ్లు. వేడి నీలిని తీసేసింది, వెలిగారం పగుళ్లను అతికించి గాజు ఆనవాళ్లను మిగిల్చింది. 2001 చివర థాయ్‌లాండ్‌లోని చంతాబురి నుంచి గులాబీ-నారింజ రాళ్లు కుప్పలుగా వచ్చాయి. ఇలాంటి తామరరంగు కురువిందాన్ని వ్యాపారంలో పద్పరాద్షా అంటారు. మన పద్మరాగానికి చుట్టం ఆ మాట, కాకపోతే మనకు పద్మరాగమంటే కెంపు. అంత అరుదైన రాయి అన్ని దొరకడమేమిటని ల్యాబులకు అనుమానం వచ్చింది. మూసలో క్రైసోబెరిల్ అనే మరో ఖనిజం కూడా వేసి కాలుస్తున్నారని 2002లో తేలింది. అందులోని బెరీలియం పరమాణువు ఎంత చిన్నదంటే, ఆ వేడికి కురువిందంలోకి ఇంకిపోతుంది. మామూలు మైక్రోస్కోపుకు అది అందదు. రాతిని లేజరుతో సూదిమొనంత గీరి, మాస్ స్పెక్ట్రోమీటర్లో తూచి పట్టుకోవాల్సి వచ్చింది.

2004 నుంచి సీసపు గాజు నింపిన కెంపులు వచ్చాయి. వీటిని కాల్చిన కెంపుల వరసలో చేర్చడం నాకు సమ్మతం కాదు. పగుళ్లనిండా గాజు పోసిన రాయికి నిమ్మరసం తగిలినా గాజు దెబ్బతింటుంది. ఉంగరం బాగుచేయడానికి కంసాలి మంట తాకిస్తే ఇంక చెప్పక్కర్లేదు. ఒట్టి వేడితో రంగు తిరిగిన నీలానికి ఇలాంటి భయం లేదు, ఆ రంగు శాశ్వతం. అందుకే కొనేవాళ్లు 'కాల్చారా' అన్నదానితో ఆగకూడదు, 'కాల్చేటప్పుడు లోపల ఏం చేరింది' అని కూడా అడగాలి.

కాల్చారో లేదో తేల్చడానికి ల్యాబులో చూసేది చాలావరకు ఆ రూటైల్ సూదులనే. చెక్కుచెదరకుండా పట్టుదారాల్లా మెరుస్తుంటే రాయి పెద్ద మంట ఎరగదని అర్థం. కాలిన రాతిలో అవి తెగి చుక్కల వరసలవుతాయి. లోపల ఇరుక్కున్న చిన్న స్ఫటికాలు వేడికి ఉబ్బి, చుట్టూ పళ్లెంలాంటి గుండ్రటి పగులు వేస్తాయి.

అలాంటి మచ్చేదీ లేని రాళ్లే వేలంలో ఆకాశానికి ఎక్కుతున్నాయి. 2015లో జెనీవాలో 25.59 క్యారెట్ల 'సన్‌రైజ్ రూబీ' 3 కోట్ల డాలర్లు దాటింది. 2023లో న్యూయార్క్‌లో మొజాంబిక్ కెంపు, 55.22 క్యారెట్ల 'ఎస్ట్రెలా డి ఫ్యూరా', 3.48 కోట్ల డాలర్లు పలికింది. రెండూ అన్‌హీటెడ్.

అన్ని రాళ్లకూ ఈ పట్టింపు లేదు. 1967లో టాంజానియాలోని మెరెలానీ కొండల్లో బయటపడ్డ టాంజనైట్ ఎక్కువగా గోధుమరంగులోనే దొరుకుతుంది. 500, 600 డిగ్రీల్లో కాలిస్తే నీలం-ఊదా అవుతుంది. అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. బజారులో సిట్రిన్ అనే పసుపురాయి పేరుతో దొరికేది చాలావరకు కాల్చిన అమెథిస్టే, అంటే ఊదారంగు రాయే. లేతనీలి రాయి ఆక్వామెరీన్‌కైతే 400 డిగ్రీలు దాటితే చాలు, ఆకుపచ్చఛాయ పోయి నీలం తేటపడుతుంది. అంత చిన్న మంట రాతిలో ఏ గుర్తూ మిగల్చకపోవచ్చు. అలాంటప్పుడు కాల్చారో లేదో ఏ ల్యాబూ తేల్చి చెప్పలేదు. అది తెలిసినవాడు కొలిమి దగ్గర నిలబడి కాల్చినవాడే.