జీపు బంపర్‌కు నికెలా, పౌడరా, పెయింటా? ఈ ప్రశ్న వెనక కథ

అనంతపురంలో పాత జీపు ఉన్న ఇంట్లో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది: బంపర్ తుప్పు పట్టింది, నికెల్ చేయిద్దామా, పౌడర్ కోటింగ్ వేయిద్దామా, మామూలు పెయింటే చాలా?

ముందుగా జింకు పూత సంగతి. 1837లో ఫ్రాన్స్‌లో సోరెల్ అనే ఆయన, ఇనుమును కరిగిన జింకులో ముంచే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. దాదాపు 450 డిగ్రీల వేడిలో ముంచితే జింకు అతుక్కుపోతుంది, తర్వాత గీత పడినా సరే ముందు తాను అరిగి ఇనుమును కాపాడుతుంది. 44వ నంబర్ హైవే పక్కన బూడిదరంగు క్రాష్ బ్యారియర్లు ఎండకూ వానకూ అలా నిలబడేది అందుకే. మెరుపు మాత్రం ఉండదు.

మెరుపు 1920ల్లో వచ్చింది. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో కోలిన్ ఫింక్ బృందం క్రోమ్ పూతను ఫ్యాక్టరీల్లో వేయడానికి వీలయ్యే దారి చూపాక కార్ల బంపర్లన్నీ తళతళలాడాయి, మన అంబాసిడర్ ముఖం కూడా ఆ కాలపు అందమే. మనవాళ్లు దాన్ని నికెల్ అనడంలో తప్పేం లేదు, ఎందుకంటే తుప్పును ఆపేది కింద ఉన్న నికెల్ పొరే, పైన క్రోమ్ ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. అయితే కంకర రాయి తగిలి చిన్న చిల్లు పడిందా, అక్కడ నికెల్ కంటే ముందు ఇనుమే తుప్పు పట్టిపోతుంది. పైగా క్రోమ్ తొట్టిలో వాడే రసాయనం క్యాన్సర్ కారకం, ఆ పని చేసేవాళ్ల గురించి కూడా ఆలోచించాలి.

పౌడర్ కోటింగ్ 1950ల్లో జర్మనీలో మొదలైంది. పొడికి కరెంటు చార్జి ఇచ్చి చల్లే పద్ధతి 1960ల్లో వచ్చింది. 180 నుంచి 200 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో పెడితే పొడి కరిగి గట్టి పొరవుతుంది, థిన్నర్ అక్కర్లేదు.

మా జీపుకు మేం వేయించింది అదే. ఏడాదిన్నరకు బంపర్ అంచున శనగగింజంత బుడిపెలు లేచాయి, స్క్రూడ్రైవర్‌తో గీకితే పొర అట్టలా ఊడి వచ్చింది, లోపలంతా ఎర్రటి పొడి. పైన పటారం, లోన లొటారం. పాత తుప్పు పూర్తిగా తీయకుండానే దాని మీద వేసేశారు. లోపలి వైపయితే అసలు ఏమీ పూయలేదు, బురద పేరుకునేది అక్కడే కదా!

మన దగ్గర వానలు తక్కువ, తుప్పు నిదానంగానే పడుతుంది, మనకున్న బాధల్లా రాళ్లే. పెయింటయితే రాయి తగిలిన చోట మనమే మళ్లీ పూసుకోవచ్చు, అందుకే నా ఓటు దానికి. బంపర్ విప్పించి శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి తుప్పు తీయడం) చేయించండి, అదే రోజు ముందూ వెనకా జింక్ ప్రైమర్ కొట్టించి, ఆరాక పైన పీయూ (పాలీయురెథేన్) పెయింట్ రెండు కోట్లు వేయించండి. కృష్ణపట్నం ఓడరేవు వైపు సరుకు తోలే బండయితే ఉప్పుగాలి తగులుతుంది, తిరిగొచ్చాక మంచినీళ్లతో కడగాలి.

మేం రెండోసారి అలాగే చేయించాం. మిగిలిన పెయింటు చిన్న డబ్బాలో దాచాను, రాయి తగిలిన చోట ఎమరీ పేపర్‌తో రుద్ది నేనే పూసుకుంటున్నాను.