సీఏ కోర్సు మారిందన్న కబురు బ్రాడీపేటకు ఎలా చేరుతుంది

2023 జూన్ చివరి వారంలో గుంటూరు బ్రాడీపేటలో సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) చదివే పిల్లలు నలుగురు కలిస్తే ఒకటే చర్చ. "ఇప్పుడే ఆర్టికల్స్‌లో చేరిపోదామా, జులై దాకా ఆగుదామా?" ఆర్టికల్స్ అంటే సీఏ ఆఫీసులో చేసే శిక్షణ, అదే ఆర్టికల్‌షిప్. కోర్సుకు ఫౌండేషన్, ఇంటర్, ఫైనల్ అని మూడు మెట్లు, ఇంటర్ పేపర్లు రెండు గ్రూపులు. పాత పద్ధతిలో సీఏ ఇంటర్‌లో ఒక్క గ్రూపు పాసైనా ఆర్టికల్‌షిప్‌లో చేరొచ్చు, కానీ మూడేళ్లు చెయ్యాలి. కొత్త పద్ధతిలో రెండేళ్లే, కానీ రెండు గ్రూపులూ పాసై ఉండాలి. కొత్త పథకం గెజిట్ తేదీ జూన్ 22. అమల్లోకి వచ్చింది జులై 1న. ఒక గ్రూపు పాసై రెండోది మిగిలినవాడికి పాత దారిలో అడుగు పెట్టడానికి ఎనిమిది రోజులు దొరికాయి.

నిజానికి ఈ మార్పు ఉన్నట్టుండి ఊడిపడింది కాదు. చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ 2022లోనే ప్రతిపాదనను బయటపెట్టి అభిప్రాయాలు అడిగింది. అప్పటినుంచే కోచింగ్ క్లాసుల్లో, యూట్యూబ్‌లో "కొత్త స్కీమ్ వచ్చేస్తోంది" అన్న మాట మొదలైంది. ఆ తర్వాత ఏడాది పాటు అది వచ్చినట్టా రానట్టా ఎవరికీ తెలియలేదు. దీనికి కారణం చట్టంలోనే ఉంది. 1949 చట్టం కింద ఏర్పడిన ఈ సంస్థ తన కోర్సును తనంతట తాను మార్చుకోలేదు. 1988 నాటి రెగ్యులేషన్స్ సవరించాలి, దానికి కేంద్రం ఒప్పుకోవాలి, గెజిట్‌లో రావాలి. సంస్థను నడిపే కౌన్సిల్ నిర్ణయానికీ గెజిట్‌కీ మధ్య నెలలు గడుస్తాయి. అన్నాళ్లూ విద్యార్థి పుకార్ల మీదే బతుకుతాడు.

పేర్ల మార్పే చూడండి. 2001లో మొదటి రెండు మెట్లు ఫౌండేషన్, ఇంటర్ పోయి పీఈ-1, పీఈ-2 వచ్చాయి. 2006లో అవీ పోయి వాటి చోట సీపీటీ, పీసీసీ వచ్చాయి. పీసీసీ కాలంలో సీపీటీ పాసవగానే ఆర్టికల్‌షిప్, అదీ మూడున్నరేళ్లు. రెండేళ్లు దాటాయో లేదో, 2008 చివర్లో పీసీసీ బదులు ఐపీసీసీ వచ్చి ఆర్టికల్‌షిప్‌ను మళ్లీ మూడేళ్లు చేసింది. 2017లో ఫౌండేషన్ పేరు తిరిగొచ్చింది. ఒకే ఇంట్లో అన్న పీసీసీ, తమ్ముడు ఐపీసీసీ అయితే అన్న పుస్తకాలే కాదు, అన్న సలహా కూడా తమ్ముడికి సగమే పనికొచ్చేది.

అప్పట్లో ఈ కబుర్లు మోసుకొచ్చినవి మూడు: నెలనెలా పోస్టులో వచ్చే ఇన్‌స్టిట్యూట్ విద్యార్థి పత్రిక, విజయవాడ, గుంటూరు బ్రాంచిల నోటీసు బోర్డులు, కోచింగ్ సార్లు. మొదటి రెండూ అధికారికం. పిల్లలు నమ్మింది మాత్రం మూడోదాన్నే. పత్రిక ఇంగ్లిష్‌లో, అదీ రెగ్యులేషన్ల భాషలో ఉండేది. సార్ తెలుగులో చెప్పేవారు, ప్రశ్న వేస్తే జవాబిచ్చేవారు. పదో తరగతి తర్వాత ఎంఈసీలో చేరి సీపీటీ రాయడం ఈ రెండు ఊళ్లలో పెద్ద వ్యాపారమయ్యాక, ర్యాంకుల ఫొటోలు పేపర్లలో పేజీల నిండా పడ్డాక, కోర్సు గురించి తల్లిదండ్రులకు తెలిసిందంతా కోచింగ్ సంస్థలు చెప్పిందే. వాళ్లు అబద్ధాలు చెప్పారనడం లేదు. కాకపోతే సిలబస్ మారిన ప్రతిసారీ కొత్త బ్యాచ్, కొత్త మెటీరియల్ అమ్ముకునే వాళ్లే ఆ మార్పు మంచిదో కాదో కూడా చెబుతుంటే, వినేవాళ్లు కాస్త జాగ్రత్తగా వినాలి కదా.

2017 మార్పు ఢిల్లీలో ఘనంగా మొదలైంది. జులై 1న, జీఎస్టీ అమల్లోకి వచ్చిన రోజునే, ప్రధాని చేతుల మీదుగా కొత్త పాఠ్యప్రణాళిక విడుదలైంది. అయినా పాత పద్ధతిలో ఉన్నవాళ్లు కంగారు పడలేదు, ఎందుకంటే పాతదీ కొత్తదీ కొన్నేళ్లు పక్కపక్కనే నడిచాయి. 2023లో ఆ వెసులుబాటు లేదు. పాత సిలబస్‌కు నవంబరు 2023 పరీక్షే ఆఖరు. మే 2024 నుంచి అందరూ కొత్తదే రాశారు.

ఇక అసలు విషయం. 2023 మార్పులో అందరి నోటా పడిన మాట "తగ్గింది". ఆర్టికల్‌షిప్ ఏడాది తగ్గింది. ఇంటర్‌లో పేపర్లు ఎనిమిది నుంచి ఆరుకు తగ్గాయి, ఫైనల్‌లోనూ అంతే. ఇన్‌స్టిట్యూట్ ప్రకటనల్లోనూ, ఇక్కడి కోచింగ్ ఫ్లెక్సీల మీదా ఇదే. ఒకసారి లెక్క వేసి చూద్దాం. పాత పద్ధతిలో మూడేళ్ల ఆర్టికల్‌షిప్‌లో చివరి ఆరు నెలల్లో ఉండగానే ఫైనల్ రాయొచ్చు. అంటే చేరిన రెండున్నరేళ్లకు పరీక్ష. కొత్త పద్ధతిలో రెండేళ్లు పూర్తిచేసి, ఆ పైన ఆరు నెలలు చదువుకి ఆగాలి. మళ్లీ రెండున్నరేళ్లే! ఆఫీసు పని లేకుండా చదువుకోవడానికి ఆరు నెలలు దొరకడం గొప్ప మేలే, పాతవాళ్లని అడిగితే చెబుతారు ఆడిట్ సీజన్‌లో ఫైనల్‌కి చదవడమంటే ఏమిటో. కానీ అది "తగ్గడం" కాదు. పేపర్ల సంగతీ అంతే. ఫైనల్‌లో తగ్గినవాటి బరువు కొంత, సొంతంగా చదివి ఆన్‌లైన్‌లో పాసవ్వాల్సిన మాడ్యూళ్లలోకి వెళ్లింది. నాలుగు సెట్లు, వాటిలో రెండు అందరికీ తప్పనిసరి. అవి పూర్తికాకుండా ఫైనల్‌కి కూర్చోలేరు.

ఈ లెక్క దాచిందేమీ కాదు, అంతా పీడీఎఫ్‌లోనే ఉంది. పాత పేపర్లో అరవై మార్కులో ఆపైనో తెచ్చుకుంటే, ఆ పేపర్ మళ్లీ రాయనక్కర్లేకుండా దొరికిన ఎగ్జెంప్షన్ కొత్తలో ఏ పేపర్‌కి చెల్లుతుందో కూడా పట్టిక వేసి ఇచ్చారు. నా ఫిర్యాదల్లా వరస గురించే. విద్యార్థి జీవితాన్ని మార్చేది ఆ పట్టిక, చేరాల్సిన ఆఖరు తేదీ. అవి ముందు రావాలి. ముందు వచ్చేదేమో అంతర్జాతీయ ప్రమాణాల గురించీ జాతీయ విద్యావిధానం గురించీ రెండు పేరాలు.

కొవిడ్ రోజుల్లో ఇంకో అలవాటు పడింది. 2020 మే పరీక్షలు వాయిదా మీద వాయిదా పడి చివరికి నవంబరు వాటితో కలిశాయి. ప్రకటనల కోసం పొద్దున్నే వెబ్‌సైట్, మధ్యాహ్నం టెలిగ్రామ్, రాత్రి కౌన్సిల్ సభ్యుల ట్విట్టర్ ఖాతాలు చూడటం మొదలైంది. 2024లో ఎన్నికలొచ్చి మే పరీక్షల తేదీలు మారినప్పుడూ అంతే. మన దగ్గర పోలింగ్ మే 13న. ఆ రోజు పరీక్ష లేదు గానీ దానికి ముందు, తర్వాత ఉన్నాయి. ఊరెళ్లి ఓటెయ్యాలా వద్దా అన్నదొక టెన్షన్. కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా వాయిదా దొరకలేదు. 2025కల్లా మూడు పరీక్షలూ ఏడాదికి మూడుసార్లు అయ్యాయి: జనవరి, మే, సెప్టెంబర్. ఫౌండేషన్, ఇంటర్ 2024 నుంచి, ఫైనల్ 2025 నుంచి. ఎటెంప్ట్‌లు పెరిగాయి, చట్టాల్లో వచ్చే ఏ సవరణ (అమెండ్‌మెంట్) ఏ ఎటెంప్ట్‌కి వర్తిస్తుందన్న ప్రశ్నలూ పెరిగాయి.

పరీక్ష రాయడానికి ఇంగ్లిష్, హిందీ రెండే భాషలు. అకౌంట్స్ తెలుగులో రాయమని ఎవరూ అడగరు, పదాలే అలా అలవాటయ్యాయి. మార్పుల గురించిన నాలుగు పేజీలైనా తెలుగులో వేస్తే బావుండునని మాత్రం అనిపిస్తుంది. అవి పిల్లల కోసం కాదు. మిర్చి యార్డులో గుమస్తా చేసే నాన్న కోసం, విజయవాడ గవర్నర్‌పేటలో బట్టలకొట్టు నడిపే అమ్మ కోసం. కెరీర్ కౌన్సెలింగ్ సభల్లో వెనక వరసలో కూర్చుని వాళ్లు అడిగేది ఒక్కటే: "మొత్తం ఎన్నాళ్లు పడుతుందండీ?" ఫౌండేషన్‌కి నాలుగు నెలలు, ఇంటర్‌కి ఎనిమిది, ఆర్టికల్స్ ఇరవై నాలుగు, ఫైనల్‌కి ఆరు, కలిపి నలభై రెండు నెలలని జవాబొస్తుంది. "అన్నీ మొదటిసారే పాసైతే" అన్న ముక్క అందులో వినిపించదు.