అరోమటేజ్ తనకు తాను తవ్వుకునే గొయ్యి

నెలసరి ఆగిపోయాక అండాశయాలు ఈస్ట్రోజన్ తయారీని దాదాపు మానేస్తాయి. అయినా ఈస్ట్రోజన్ మీద ఆధారపడిన రొమ్ము క్యాన్సర్ కణాలకు అది అందుతూనే ఉంటుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఆండ్రోస్టీన్‌డయోన్ అనే హార్మోన్‌ను కొవ్వు, కండరం, చర్మం, చాలాసార్లు కణితి కూడా ఈస్ట్రోన్ అనే ఒకరకం ఈస్ట్రోజన్‌గా మార్చేస్తాయి. ఈ పని అరోమటేజ్ అనే ఎంజైముది. మూడు విడతలుగా ఆక్సిజన్‌ను వాడి, 19వ కార్బన్‌ను ఫార్మిక్ ఆమ్లంగా ఊడగొడుతుంది.

ఈ క్యాన్సర్‌కు వాడే ఎక్సిమెస్టేన్ అనే మందు చూడ్డానికి అచ్చం ఆండ్రోస్టీన్‌డయోనే. 6వ కార్బన్ దగ్గర ఒక మిథిలీన్, 1-2 కార్బన్ల మధ్య ఒక ద్విబంధం, అంతే తేడా. ముడిసరుకు అనుకుని అరోమటేజ్ దాన్ని మార్చడం మొదలుపెడుతుంది. ఆ క్రమంలో పుట్టిన చురుకైన రూపం ఎంజైముకే అతుక్కుని ఇక ఊడదు. కణం కొత్త ఎంజైమును తయారుచేసుకోవాల్సిందే. అరోమటేజ్‌నే అడ్డుకునే, స్టెరాయిడ్లు కాని లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ మందులు అలా కాదు, కాసేపు పట్టుకుని వదిలేస్తాయి.

ఈ దారి తెరిచింది ఏంజెలా బ్రోడీ అనే శాస్త్రవేత్త. ఆమె పరిశోధనతో వచ్చిన ఫార్మెస్టేన్ అనే మందును మింగితే కాలేయం త్వరగా వదిలించుకుంటుంది. అందుకే రెండు వారాలకోసారి 250 మి.గ్రా. కండరంలోకి సూది వేసేవారు. వేసినచోట నొప్పి, గడ్డలు. 1999లో అమెరికాలో అనుమతి పొందిన ఎక్సిమెస్టేన్ మాత్రతో ఆ బాధ తప్పింది.

శాశ్వతంగా అతుక్కుంటుంది కాబట్టి ఇదే మెరుగనుకుంటే పొరపాటు. ఎం.ఎ.27 అనే పెద్ద పరీక్షలో అనాస్ట్రోజోల్ కంటే ఎక్కువ మేలేమీ కనబడలేదు.

మోతాదు రోజుకు 25 మి.గ్రా., భోజనం తర్వాత. ఇది కొవ్వులో కరిగే మందు, ఖాళీ కడుపున వేసుకుంటే రక్తంలోకి తక్కువగా చేరుతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ కాలేయం దీన్ని త్వరగా విరగ్గొట్టేలా చేస్తాయి. అలాంటప్పుడు డాక్టర్లు 50 మి.గ్రా.కు పెంచుతారు. నెలసరి ఆగనివారికి ఒంటరిగా ఇవ్వకూడదు: ఈస్ట్రోజన్ తగ్గగానే పిట్యుటరీ గ్రంథి అండాశయాలను మరింత తొందరపెడుతుంది. కీళ్ల నొప్పులు మామూలే. ఎముకలు పలచబడతాయి కాబట్టి మందు మొదలెట్టేముందే ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయించడం మంచిది.

మరో చిక్కు ల్యాబులో ఎదురవుతుంది. ఎంజైమును బోల్తా కొట్టించిన పోలికే యాంటీబాడీలతో చేసే ఎస్ట్రడయాల్ (ఇదీ ఒక ఈస్ట్రోజనే) పరీక్షనూ మోసగిస్తుంది. మందు బాగా పనిచేస్తున్నా అంకె ఎక్కువగా రావచ్చు. అప్పుడు మందు మార్చేముందు అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో మళ్లీ కొలిపించాలి.