గోడ పక్కన మొలిచిన అంజూరకి రకం పేరు ఉంటుందా?

"ఎవరూ నాటలేదు. ప్రహరీ పక్కన మోటారు నీళ్లు కారే చోట దానంతటదే మొలిచింది. ఆకు అరచేతిలా ఉంది, తుంచితే పాలు కారుతున్నాయి. ఇది అంజూరేనా? అయితే ఏ రకం?"

పెరటి తోటల వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఆకు ఫొటో చూడగానే "పూనా" అనో "డయానా" అనో తేల్చేసేవాళ్లకీ కొదవ లేదు. ఆకు ఒక్కటీ చూసి అంజూర రకం చెప్పడమంటే చేతి గీతలు చూసి జాతకం చెప్పినట్టే. అసలు ముందు తేలాల్సింది ఈ చెట్టు గింజ నుంచి వచ్చిందా, కొమ్మ నుంచి వచ్చిందా అన్నది. గింజ నుంచి వచ్చిందయితే దానికి రకం పేరంటూ ఉండదు, ఎంత వెతికినా దొరకదు.

అది అంజూరో కాదో మాత్రం త్వరగానే తేలుతుంది. పేర్ల దగ్గరే సగం గందరగోళం: అత్తి అంటే కొందరికి మేడి, కొందరికి అంజూర. అత్తిపత్తి ఇంకోటి, ముట్టుకుంటే ముడుచుకునే మొక్క, దీనితో ఏ చుట్టరికమూ లేదు. ఆకు కాడ కొమ్మకి అతికే చోట కొమ్మ చుట్టూ ఉంగరం లాంటి గీత ఉందేమో చూడండి. చిగురుని కప్పి ఉంచిన తొడుగు రాలిపోతే మిగిలే మచ్చ అది. మర్రి, రావి, జువ్వి, మేడి, అంజూర అన్నిటికీ ఉంటుంది. హిందూపురం వైపు పట్టుపురుగులకి వేసే మల్బరీ ఆకుకీ తమ్మెలు (వేళ్లలా చీలిన భాగాలు) ఉంటాయి, పాలూ వస్తాయి, కానీ కొమ్మ చుట్టూ ఉంగరం ఉండదు. ఎక్కువమంది పొరబడేది బొమ్మమేడి దగ్గర. దాన్నే కొన్నిచోట్ల కాకిమేడి అంటారు. దాని ఆకూ గరుకే, లేత మొక్కల ఆకు అంచుకి పళ్లుంటాయి. కానీ ఆకులు కణుపుకి రెండు చొప్పున ఎదురెదురుగా వస్తాయి, కొమ్మ విరిస్తే లోపల బోలుగా ఉంటుంది, కాయలు మొద్దుకీ ఆకుల్లేని వేలాడే కొమ్మలకీ గుత్తులు గుత్తులుగా కాస్తాయి. అంజూరకి ఆకులు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ వస్తాయి. ఒక్కో ఆకుకి మామూలుగా మూడు నుంచి ఐదు తమ్మెలు, పైభాగం ఉప్పుకాగితంలా గరుకు. కాయ ఆకు మొదట్లో ఒకటో రెండో. తుంచిన పాలు చర్మం మీద పడి ఎండ తగిలితే బొబ్బలొస్తాయి కాబట్టి చేతికి తొడుగు వేసుకోండి.

ఇక గింజా కొమ్మా సంగతి. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదని మన రైతులకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ టెంక నుంచి వచ్చేది నాటు మామిడి, తల్లిలా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అంజూరదీ అదే పద్ధతి. పూనా అంజూర చెట్లన్నీ ఒకే చెట్టు ముక్కలు, కొమ్మ నుంచి కొమ్మగా చేతులు మారుతూ వచ్చినవి. అయితే మామిడి కన్నా అంజూరలో చిక్కు ఎక్కువ. మామిడి టెంక చెట్టయితే పులుపో పీచో ఏదో ఒక పండు ఇస్తుంది. అంజూర గింజ చెట్టుకి ఆ హామీ కూడా లేదు, ఎందుకంటే మధ్యలో ఒక ఈగ ఉంది.

అంజూర కాయ అంటే లోపలికి తిరగేసిన పూలగుత్తి. ఇంటర్ వృక్షశాస్త్రంలో హైపాంథోడియం అని బట్టీ పట్టించేది దీన్నే. మేడి పువ్వుని చూసినవాడికి రాజయోగమని ఒక నమ్మకం ఉంది. కాయని నిలువునా కోస్తే పూలు వందల్లో కనిపిస్తాయి, ఆ లెక్కన ప్రాక్టికల్ క్లాసులో కూర్చున్న వాళ్లందరికీ రాజ్యాలు పంచాలి. కాయ అడుగున ఉండే సన్నటి కన్నే లోపలికి ఏకైక దారి. ఆ దారిన దూరగలిగేది రెండు మిల్లీమీటర్లుండే ఒక కందిరీగ జాతి ఈగ, పేరు బ్లాస్టోఫాగా సీనెస్. దూరేటప్పుడే దాని రెక్కలు ఊడిపోతాయి, మళ్లీ బయటికి రావడమన్నది లేదు.

అంజూర చెట్లు రెండు రకాలు. మగ చెట్టుని కాప్రిఫిగ్ అంటారు. దాని కాయలో పొట్టి కీలం (అండాశయం మీద నిలిచే సన్నటి కాడ) ఉన్న ఆడపూలూ, కన్ను దగ్గర పుప్పొడి ఇచ్చే మగపూలూ ఉంటాయి. ఆడ చెట్టు కాయలో అన్నీ పొడుగు కీలం ఉన్న ఆడపూలే. ఈగ గుడ్డు పెట్టే సూది పొట్టి కీలం గుండా అండాశయం దాకా అందుతుంది, అక్కడ పిల్ల పెరుగుతుంది. పొడుగు కీలంలో అందదు. ఏది ఏ కాయో ఈగకి బయటి నుంచి తెలియదు. ఆడ కాయలో దూరిన ఈగ గుడ్డు పెట్టలేక పువ్వు పువ్వుకీ తిరిగి, మోసుకొచ్చిన పుప్పొడిని అంటించి, అక్కడే చస్తుంది. ఆడ కాయకి గింజ పట్టేది ఆ పొరపాటు వల్లే. మగ కాయలోనూ తమాషా ఉంది: ఆడపూలు ఈగని రానిచ్చే రోజులకి మగపూలు ఇంకా పిందె మొగ్గలే. వారాల తరబడి ఆగి, లోపల పుట్టిన కొత్త ఈగలు బయటికొచ్చే వేళకి సరిగ్గా పుప్పొడి విడుదలవుతుంది. రెక్కల్లేని మగ ఈగలు కాయలోనే పుట్టి, ఆడ ఈగలతో జతకట్టి, అక్కడే పోతాయి. కాప్రిఫిగ్ ఏడాదికి మూడు కాపులు కాయాలి, చలికాలం దాటించేది మమ్మే, వసంతంలో పుప్పొడి దండిగా ఉండేది ప్రొఫికీ, ఆ తర్వాత వచ్చేది మమ్మోనీ. ఒక కాపులోంచి వచ్చిన ఈగకి తర్వాతి కాపు పిందె సిద్ధంగా ఉండకపోతే ఆ గొలుసు తెగిపోతుంది.

తోటమాలికి పనికొచ్చే విభజన ఇక్కడి నుంచి పుడుతుంది. ఆడ చెట్లలో స్మిర్నా తరగతివి పుప్పొడి అందకపోతే కాయని నిలుపుకోలేవు. కాయ గోలీకాయంత పెరుగుతుంది, ఆగుతుంది, పసుపెక్కి వడిలి రాలిపోతుంది. కామన్ తరగతివి ఈగ లేకుండానే కాయని పండిస్తాయి. పూనా ఈ తరగతిదే. సాన్ పెడ్రో తరగతి మధ్యస్థం: పాత కొమ్మ మీద వచ్చే తొలికాపు ఈగ లేకుండా పండుతుంది, కొత్త కొమ్మ మీది అసలు కాపు రాలిపోతుంది.

1880ల్లో కాలిఫోర్నియా రైతులు టర్కీ నుంచి స్మిర్నా కొమ్మలు తెప్పించి వేల చెట్లు పెంచారు. ఏటా కాయలు రాలాయి. టర్కీ వ్యాపారులు పనికిరాని కొమ్మలు అంటగట్టారనుకున్నారు. ఈగ సంగతి చెప్పినవాళ్లని రైతుల మూఢనమ్మకం మోసుకొచ్చారని వెక్కిరించారు. 1899లో ఫ్రెస్నోలోని జార్జ్ రోడింగ్ తోటలో ఈగ నిలదొక్కుకున్నాకే కాయ నిలిచింది. ఆ స్మిర్నాకే తర్వాత కాలిమిర్నా అని పేరు పెట్టారు. చదువుకున్నవాళ్లు మూఢనమ్మకం అన్నది శాస్త్రమైంది. ఇలా తలకిందులయ్యే సందర్భాలు తక్కువే గానీ ఉన్నాయి.

దక్కన్‌లో ఆ ఈగ లేదు. "మన మేడిపండు నిండా పురుగులే కదా, అవి అంజూరలోకి రావా?" అంటే రావు. మేడికాయలోవి సెరాటోసోలెన్ ఈగలు, అవి మేడి వాసన పట్టుకునే వస్తాయి. మర్రికీ రావికీ కూడా ఎవరి ఈగలు వాళ్లకున్నాయి. అందుకే మర్రీ రావీ గోడ పగుళ్లలో అంత ధారాళంగా మొలుస్తాయి. ఇక్కడ వాటి గింజ గట్టిది. ఇక్కడ పండిన పూనా అంజూరలో నోటికి తగిలే గింజలు మాత్రం ఉత్త డొల్లలు, లోపల మొలక ఉండదు. కాబట్టి పుణె దగ్గర పురందర్ తోటల పండునో, బళ్లారి పండునో పిట్ట తిని మీ గోడ పక్కన గింజ వేసిందనుకుంటే కుదరదు. అంజూరలో పురుగు ఉంటుందేమో అని ఉపవాసం రోజు తినడం మానేసేవాళ్లు కూడా మన తోట పండు విషయంలో నిశ్చింతగా ఉండొచ్చు. అందులోకి ఏ ఈగా రాలేదు.

అయితే గోడ పక్కన చెట్టుకి దారులు రెండే. ఎవరో కత్తిరించి పారేసిన పూనా కొమ్మ తడిలో వేరుపట్టి ఉండాలి. లేదా ఈగ ఉన్న దేశం నుంచి వచ్చిన ఎండు అంజీర గింజ మొలిచి ఉండాలి. ఎండు అంజీర నానబెట్టిన నీళ్లు పారబోసే చోటా, అంట్లు కడిగే నీళ్లు పోయే చోటా ఈ చెట్లు మొలవడానికి కారణం అదే. కావాలంటే చూడండి: రెండు మూడు ఎండు అంజీరలు రాత్రంతా నానబెట్టి, గుజ్జుని గీకి గ్లాసు నీళ్లలో కలిపి పది నిమిషాలు ఆగండి. గుజ్జంతా కడిగేశాక తేలేవి డొల్లలు, మునిగేవి గట్టివి. మునిగినవాటిని తడి మట్టి మీద చల్లి, పైన మట్టి కప్పకుండా వెలుతురులో పెడితే రెండు నాలుగు వారాల్లో మొలుస్తాయి. ఎగుమతికి ముందు వేడినీళ్లలో ముంచిన సరుకయితే మునిగినా మొలవవు.

ఆ మొలకల్లో సగం మగవి. ఆడ మగ తేడా వారసత్వంలో ఒకటికి ఒకటిగా పంచుకుంటుంది. మిగిలిన సగం ఆడవి, వాటిలో ఈగ లేకుండా కాయని నిలుపుకునే గుణం పుప్పొడి ద్వారానే, అంటే తండ్రి నుంచే వస్తుంది. తల్లి వైపు ఆ గుణం మోసే అండం బతకదు కాబట్టి. తండ్రి కాప్రిఫిగ్‌కి ఆ గుణం ఉంటే ఆడ మొలకల్లో సగానికి వస్తుంది, లేకపోతే ఒక్కదానికీ రాదు. అంటే మంచి పక్షంలో నాలుగు మొలకలకి ఒకటి తినదగ్గ పండు ఇస్తుంది, చెడ్డ పక్షంలో సున్నా.

ఇప్పుడు చెట్టు దగ్గరికి వెళ్దాం. వయసు తెలిస్తే సగం తెలిసినట్టే. కొమ్మ నుంచి వచ్చిన చెట్టు మొదటి రెండేళ్లలోనే పిందె వేస్తుంది, గింజ చెట్టుకి మూడు నుంచి ఐదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పిందె వచ్చాక ఇరవై పిందెలకి దారం కట్టి తేదీ రాయండి. నెలా నెలన్నరకి అన్నీ గోలీకాయంతయ్యాక పసుపెక్కి రాలుతుంటే అది స్మిర్నా తరగతిది అయ్యుండాలి, లేదా మగది. కానీ ఒక్క కాపుకే తీర్పు చెప్పకండి. నీళ్లు ఒక వారం ఎండగట్టి మరో వారం ముంచెత్తినా, మొదటి ఏడాది కాపయినా, వేరుకి పురుగు పట్టినా కామన్ రకం కూడా రాలుస్తుంది. నీళ్లు సమంగా పెట్టి రెండు కాపులు చూడాలి.

రాలినదాన్ని కోయండి. పదిరెట్ల భూతద్దం, పాత బ్లేడు చాలు. కాడ నుంచి కన్ను దాకా నిలువుగా కోసి, కన్ను చుట్టూ లోపలి అంచు చూడండి. అక్కడ పసుపు గింజల్లాంటి కేసరాల వలయం, లేదా వాటి లేత మొగ్గల గుంపు ఉంటే మగది. లోపలి భాగం బెండులా పొడిగా ఉంటుంది, తీపి ఉండదు. కేసరాల జాడ లేకుండా లోపలంతా సన్నటి పొడుగు దారాల్లాంటి కీలాలు కుచ్చులా ఉంటే ఆడది. మరీ లేత పిందెలో తేడా తెలియదు, పెద్ద గోలీకాయ సైజు దాటాలి.

కాయ నిలిచి పండితేనే రకం పేరు గురించి మాట్లాడొచ్చు. కాయ మెడ వంగి, కాడ తుంచితే పాలు రాకుండా, కన్ను దగ్గర తేనె బొట్టు కనిపిస్తే పండినట్టు. అప్పుడు పది కాయలు తూచి, వెర్నియర్‌తో వెడల్పూ పొడుగూ కొలవండి. వెడల్పుని పొడుగుతో భాగిస్తే 0.9 కన్నా తక్కువయితే కోల, 0.9 నుంచి 1.1 మధ్య గుండ్రం, 1.1 దాటితే చపటా. మెడ పొడుగు, కాడ పొడుగు, కన్ను తెరుచుకుందా మూసుకుందా, తొక్క రంగు, గుజ్జు రంగు, చేతి రిఫ్రాక్టోమీటర్‌లో తీపి అంకె, అన్నీ రాయండి. అంతర్జాతీయంగా 2003లో ప్రచురించిన అంజూర లక్షణాల పట్టిక ఇలాంటివే అడుగుతుంది. మన తోటల్లో పూనా కాయ గంటలా, లేత ఊదా తొక్కతో ఉంటుంది. డయానా పెద్దది, పసుపు పచ్చ తొక్క.

ఆకు కొలతలకి కొమ్మ మధ్యభాగం నుంచి పది ఆకులు తీయాలి. మొదట్లోంచి వచ్చిన పిలకల ఆకులూ, నీడ ఆకులూ వేరే చెట్టువేమో అన్నంత తేడాగా ఉంటాయి. ఆకు మీద పసుపు మచ్చలుండి వంకర తిరిగిందంటే అంజూర మొజాయిక్ వైరస్. దాన్ని సన్నటి నల్లి మోస్తుంది, తమ్మెల ఆకారం మార్చేస్తుంది. దాని ఆకుని కొలిచి పేరు వెతకడం వృథా.

పేర్ల జాబితాలూ అంత నమ్మదగ్గవి కావు. అమెరికా ఉద్యాన శాస్త్రవేత్త ఐరా కాండిట్ 1955లో వందలాది అంజూర రకాల వివరాలు ఇచ్చాడు, అందులో ఒకే రకానికి నాలుగైదు పేర్లున్నాయి. బ్రౌన్ టర్కీ అన్న ఒక్క పేరుతో వేర్వేరు చెట్లు చలామణి అవుతున్నాయి. అందుకని పుస్తకంతో పోల్చేకన్నా చెట్టుని చెట్టు పక్కన పెట్టి పోల్చాలి. నమ్మకమైన నర్సరీ నుంచి పూనా తెచ్చి, మీ చెట్టు నుంచి పెన్సిల్ లావు, 15 నుంచి 20 సెంటీమీటర్ల కొమ్మలు కోసి, మూడింట రెండు వంతులు మట్టిలో ఉండేలా అదే మట్టి, అదే ఎండలో పక్కపక్కన నాటండి. రెండేళ్లకి ఆకూ కాయా అన్నీ కలిస్తే పూనా కొమ్మే అని ధైర్యంగా అనుకోవచ్చు. డీఎన్ఏ గుర్తులతో తేల్చే ప్రయోగశాలలున్నాయి గానీ, అక్కడా పోల్చడానికి అసలు పూనా ఆకు కావాల్సిందే.

కాయ నిలవని చెట్టయితే కొట్టేయక్కర్లేదు, వేరు బలంగా ఉంది కాబట్టి దాని మీద పూనా మొగ్గ అంటు కట్టొచ్చు. కాయ నిలిచీ ఏ రకంతోనూ కలవకపోతే కొమ్మలు పంచేటప్పుడు పాత పేరు ఏదీ తగిలించకండి. ఊరి పేరు, కొమ్మ తీసిన సంవత్సరం, తొక్క రంగు చీటీ మీద రాయండి. పెన్నుతో రాస్తే ఒక ఎండాకాలానికే వెలిసిపోతుంది. పెన్సిల్‌తో రాస్తే నిలుస్తుంది, పాత కూల్‌డ్రింక్ డబ్బా రేకు కోసి దాని మీద గీస్తే ఇంకా మేలు.