క్రిస్మస్‌కి 12 మార్కులు

మా గుంటూరు వైపు క్రిస్మస్ అంటే 25వ తేదీ ఒక్కటే అనుకుంటే పొరపాటే. నెల మొదట్లోనే సెమీ క్రిస్మస్‌లు మొదలైపోతాయి, ఒకరోజు యూత్ వాళ్లది, ఒకరోజు స్త్రీల సమాజం వాళ్లది, ఆ తర్వాత క్యారల్స్, క్యాండిల్ సర్వీసు, పండగ ఆరాధన, అది అయ్యిందనుకుంటే మళ్లీ 31న వాచ్ నైట్. పోయినేడు 23 రాత్రి ఒంటిగంటకి క్యారల్స్ వాళ్లు డోలక్ కొట్టుకుంటూ మా ఇంటికొచ్చేసరికి అమ్మ ఇంకా అరిసెల దగ్గరే ఉంది. టైలర్ జాకెట్లు ఇవ్వలేదు, మేడ మీద స్టార్‌లో బల్బు మాడిపోయింది, అంతమందికి టీ పెట్టేలోపు పాకం కాస్తా ముదిరిపోయింది. వాళ్లు వెళ్లాక స్టవ్ కట్టేసి కింద కూర్చుని ఏడ్చేసింది. అరిసెలకి ఏడుపేంటమ్మా అన్నాను నేను, తెలివితక్కువగా.

తర్వాత ఒక పాత లిస్టు నా కంటపడింది. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు అమెరికా సైకియాట్రిస్టులు తయారుచేసింది. జీవితంలో వచ్చే 43 మార్పులకి, ఏది మనిషిని ఎంత కుదిపేస్తుందో దాన్నిబట్టి మార్కులేశారు. భర్తో భార్యో చనిపోతే 100, విడాకులు 73, ఉద్యోగం ఊడితే 47. పెళ్లికి 50! అంటే ఉద్యోగం పోవడం కన్నా పెళ్లే ఎక్కువ (నవ్వుకోండి). కింద నుంచి రెండోది క్రిస్మస్, 12 మార్కులు.

12 అంటే ఏమంత అనిపిస్తుంది గానీ క్రిస్మస్ ఎప్పుడైనా ఒంటరిగా వచ్చిందా? నిద్ర వేళలు మారితే 16, తిండి మారితే 15, చుట్టాల రాకపోకలు మారితే 15, చర్చి పనులు పెరిగితే 19, బయట కార్యక్రమాలు 18, చిన్న అప్పు చేస్తే 17. క్రిస్మస్ 12తో కలిపి కూడితే 112. అత్తింటి గొడవలకి 29 ఉంది, అది నేను కలపలేదు, అమ్మ ఇది చదువుతుంది. లిస్టులో పైనున్న 100 కూడా అప్పుడు కలపలేదు. నాన్న పోయింది ఆ ఏడు ఫిబ్రవరిలోనే. ప్రతి ఏడూ మేడెక్కి స్టార్ కట్టేది ఆయనే.

ఈ లిస్టు మీద విమర్శలు చాలానే ఉన్నాయి, ఒకే కష్టం అందరికీ ఒకేలా తగలదు కదా, మంచి మార్పునీ చెడు మార్పునీ ఒకే గాటన కట్టేస్తే ఎలా అని. నిజమే, కానీ సంతోషమైన పనికి కూడా ఒళ్లు ఖర్చు పెట్టుకుంటుంది అన్న ముక్క మాత్రం నాకు బాగా పట్టింది. టెన్షన్ వస్తే మెదడులోని హైపోథాలమస్ పక్కనే ఉన్న పిట్యూటరీ గ్రంథికి కబురు పెడుతుంది, అది కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకి చెబుతుంది, అక్కడ్నుంచి కార్టిసాల్ అనే హార్మోన్ రక్తంలోకొస్తుంది. కార్టిసాల్ విలనేం కాదు, పొద్దున్నే మనల్ని లేపి నిలబెట్టేది అదే, నిద్రలేచిన అరగంట ముప్పావుగంటకి బాగా పెరిగి అర్ధరాత్రికి అడుగుకి దిగుతుంది. ఆ దిగే టైముకే మనం పాకం పట్టుకుంటూ రేపు ఎవరికేం పెట్టాలా అని లెక్కలేసుకుంటూ కూర్చుంటాం.

స్వీడన్‌లో 1998 నుంచి 2013 దాకా వచ్చిన 2.8 లక్షల పైచిలుకు గుండెపోట్లని లెక్కేస్తే మామూలు రోజుల కన్నా డిసెంబర్ 24న 37 శాతం ఎక్కువ ఉన్నాయి, అదీ రాత్రి 10 గంటలప్పుడు మరీ ఎక్కువ. వాళ్లకి అసలు పండగ 24నే. టెన్షన్ వల్లేనని ఆ లెక్క తేల్చదు, తిండి, మందు, చలి ఏదైనా కావచ్చు. కానీ పండగపూట ఛాతీలో నొప్పొస్తే గ్యాసేలే అని పొద్దుటిదాకా ఆగకండి, 108కి ఫోన్ కొట్టండి.

మాకు పనికొచ్చినవి రెండే. ఒకటి, రాత్రి పడుకునే ముందు రేపటి పనులు కాగితం మీద రాసేయడం. అమెరికాలో బేలర్ యూనివర్సిటీ వాళ్లు 57 మందితో చేసి చూస్తే, చేయాల్సిన పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కన్నా దాదాపు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. రెండోది, గాలి పీల్చేదానికన్నా వదిలేది నెమ్మదిగా, పొడుగ్గా. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నరం పట్టు పెరిగి గుండె వేగం తగ్గుతుంది, వేలు నాడి మీద పెట్టుకుంటే మీకే తెలుస్తుంది. ఇవేవీ పనిచేయక వారాల తరబడి నిద్రపట్టకపోతే, బతకాలనిపించకపోతే 14416 ఉంది, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ ఏడు అరిసెలు బజార్లో కొంటున్నాం, క్యారల్స్ వాళ్లని పదిలోపే రమ్మన్నాం, చర్చిలో ఒకావిడ మూతి తిప్పింది, తిప్పనీ. ఫ్రిజ్ మీద అమ్మ కాగితం అంటించింది. మైదా, కొవ్వొత్తులు, పాస్టరమ్మగారికి చీర, నాలుగోది "స్టార్ - ఎవరు?" అని ఉంది, ఇంకా కొట్టెయ్యలేదు.